పలకరాయి లెక్క మన కొండకు చెల్లదు

సంపాదకులు గారికి,

నమస్కారం. రాళ్లెక్కే ఆట (రాక్ క్లైంబింగ్) మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందని కుర్రాళ్లకు చెప్పే వ్యాసాలు రావాలి, సంతోషం. కానీ అందులో ఒక వాక్యాన్ని మా జిల్లాల వాళ్లు నమ్మి బయల్దేరితే కాళ్లూ చేతులూ విరుగుతాయి. ‘వాన వెలిసిన గంటకే రాయి ఆరిపోతుంది, నిశ్చింతగా ఎక్కవచ్చు’ అని రాశారు. పలకరాయికైతే ఆ మాట చాలావరకు నిజం. వేల్స్‌లో లాన్‌బెరిస్ పక్కన డినోర్విక్ అనే పెద్ద పలకగని 1969లో మూతపడింది. పని ఆగిపోయిన ఆ గోడల మీదికి తర్వాత ఎక్కేవాళ్లు చేరారు. అలాంటిచోట చెల్లే సూత్రాన్ని తెచ్చి విజయనగరం, శ్రీకాకుళం కొండలకు అతికించారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పలక ఎందుకు త్వరగా ఆరుతుందో బడిలో పలక పట్టిన ఎవరికైనా తెలుసు. తడిగుడ్డతో తుడిచి నాలుగుసార్లు గాలిలో ఊపితే మళ్లీ రాసుకోవచ్చు. నీళ్లు పైనే ఉంటాయి, లోపలికి దిగవు. మార్కాపురం పలకైనా వేల్స్ పలకైనా ఒకప్పటి బురదే. నేల లోతుల్లో ఒత్తిడికి గట్టిపడి, పొరలుగా చీలే రాయిగా మారింది. రేణువులు మరీ సన్నం, వాటి మధ్య ఖాళీ దాదాపు లేదు. ఎండా గాలీ తగిలితే పైతడి గంటలోపే పోతుంది. మీ వ్యాసం చెప్పని సగం ఏమిటంటే, తడి ఉన్నంతసేపు ఆ రాయి గాజుతో సమానం. పొడిగా ఉన్నప్పుడు కూడా దానికి గరుకు తక్కువ, సన్నటి అంచుల మీద కాలివేళ్లు నిలపడమే అక్కడి ఆట. పైగా పొరల సందుల్లోకి దూరిన నీళ్లు గంటలో బయటికి రావు. గోడ పొడిగా కనిపిస్తుంటే, ఏదో ఒక చీలిక నుంచి రోజుల తరబడి ఊట కారుతూనే ఉంటుంది. అలా వదులైన పెచ్చు వెనక నట్టు (తాడు తగిలించడానికి సందులో ఇరికించే లోహపు ముక్క) దూర్చి బరువు వేస్తే, పెచ్చు పుస్తకం అట్టలా తెరుచుకుని నట్టుతో సహా ఊడి వస్తుంది. చలిదేశంలో ఆ నీళ్లు గడ్డకట్టి ఉబ్బి పొరల్ని తోస్తాయి. మంచు కరిగే రోజుల్లో పలకగోడ కింద నిలబడటానికి తెలిసినవాళ్లు జంకుతారు.

ఇక మన రాయి సంగతి. మన తూర్పు కనుమల్లో ఎటు చూసినా తగిలేది ఖొండలైట్. ఈ కొండల్లో బతికే ఖోండుల పేరే దానికి పెట్టారు. కోణార్క్ గుడి రాయి ఇదే. అక్కడి శిల్పాల ముక్కూ మొహం ఎలా అరిగిపోయాయో చూసినవాళ్లకు దీని గుణం వేరే చెప్పక్కర్లేదు. ఇందులో తెల్లటి ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, సూదుల్లాంటి సిల్లిమనైట్, ఎర్రచుక్కల్లా గార్నెట్ అనే ఖనిజాలు ఉంటాయి. ఫెల్డ్‌స్పార్ వానలకు నానీ నానీ సుద్ద అవుతుంది. గార్నెట్‌లో ఉన్న ఇనుము తుప్పుపట్టి రాయంతా గోధుమరంగు మరకలు చేస్తుంది. క్రమేణా రేణువుకూ రేణువుకూ మధ్య అతుకు వదిలి, రాయి ఇసుకై వాగుల్లో పడి సముద్రానికి పోతుంది. భావనపాడు, కళింగపట్నం ఒడ్డున ఇసుకలో ఎర్రగా మెరిసేది గార్నెట్టే. ఒడ్డుకు అంత చేరిందంటే పైన కొండ ఎంత వదులై ఉంటుందో ఆలోచించండి.

అలాగని మన దగ్గర గట్టిరాయి లేదనుకోవద్దు. ఖొండలైట్ పక్కనే చార్నోకైట్ ఉంటుంది, గ్రానైట్ జాతి బండలూ ఉంటాయి. టెక్కలి వైపు తీసే నీలిరాయి ‘శ్రీకాకుళం బ్లూ’ పేరుతో బజారులో అందరికీ తెలుసు. అలాంటి బండ నీళ్లు తాగదు. ఎండా గాలీ ఉంటే రెండు మూడు గంటల్లో పైకి ఎక్కేలా తయారవుతుంది. ఇబ్బంది ఏమిటంటే ఒకే కొండకు ఒక వైపు ఇనుములాంటి చార్నోకైట్, ఇంకో వైపు చేత్తో నలిపితే నలిగే ఖొండలైట్ ఉండటం మన దగ్గర మామూలు. కాబట్టి ‘ఫలానా కొండ మంచిది’ అనే మాటకు అర్థం లేదు. చెయ్యి వెయ్యబోయే గజం రాయి ఎలా ఉందో చూసుకోవాలి.

దానికి ప్రయోగశాలేం అక్కర్లేదు. నీళ్ల సీసా మూతలో సగం నీళ్లు తీసుకుని, కాస్త చదునుగా ఉన్న అంచు మీద పోసి అరవై అంకెలు లెక్కపెట్టండి. తర్వాత గుడ్డతో అద్దండి. మరక లేకుండా పోతే ఆ రాయి తాగడం లేదు. అద్దినచోట నల్లమచ్చ మిగిలిందా, నీళ్లు లోపలికి దిగాయన్నమాట. నిన్నటి వాన కూడా అలాగే దిగి ఇంకా లోపలే కూర్చుని ఉంటుంది. నీళ్లు పొయ్యగానే పీల్చేసుకుంటే ఇక ఆలోచన అనవసరం, ఆ రోజు అటు ఎక్కొద్దు. తర్వాత రూపాయి బిళ్ల అంచుతో గీకండి. గట్టిరాయి మీద బిళ్ల లోహమే గీతలా అంటుకుంటుంది. పుచ్చిన రాయైతే తెల్లటి పొడో పచ్చటి పొడో రాలుతుంది. మూడోది చప్పుడు. సంతలో కుండ కొనేటప్పుడు వేలికణుపుతో కొట్టి చూస్తాం కదా, పట్టు దొరికిన ప్రతి పెచ్చునూ అలాగే పిడికిలితో కొట్టాలి. కొట్టేటప్పుడు రెండో అరచెయ్యి ఆ పెచ్చు మీదే ఆన్చి ఉంచండి. ఖంగుమని మోగి చేతికి ఏమీ తెలియకపోతే అది కొండలో భాగం. డొల్లగా మోగి అరచేతి కింద సన్నగా అదిరితే దాని వెనక ఖాళీ ఉంది. ఊరికే అలా నిలబడి ఉందంతే.

వాన తర్వాత ఎంతసేపు ఆగాలి? మేం పాటించే లెక్క ఇది, దీనికి ఎవరి ముద్రా లేదు. అయిదు మిల్లీమీటర్ల లోపు జల్లు పడితే చార్నోకైట్ బండకు మూడు గంటల ఎండ చాలు, ఖొండలైట్‌కు మర్నాడు. అంతకు మించి పడితే ఖొండలైట్‌కు పూర్తిగా రెండు పగళ్ల ఎండ కావాలి. మబ్బుపట్టిన రోజును లెక్కలో వేసుకోకూడదు. వాతావరణ శాఖ ‘భారీ వర్షం’ అనేది 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే. అంత పడ్డాక ఖొండలైట్ గోడ జోలికి నాలుగైదు రోజులు పోకపోవడం మంచిది. వెళ్లాక కూడా మొదట గోడ అడుగున మట్టిని వేలెడు లోతు తవ్వి చూడాలి. మట్టి చల్లగా, ముద్దగా ఉంటే పైన గోడ లోపలా అదే చెమ్మ ఉంటుంది. తడి చేరినప్పుడు ఈ రాయి బలం తగ్గుతుంది. పొడిగా ఉన్నప్పుడు మనిషి బరువు మోసిన వేలెడు అంచు, చెమ్మ ఉన్నప్పుడు చేతిలోకి ఊడి వస్తుంది. జారతామన్న భయమొక్కటే అయితే తాడు ఆపుతుంది. తాడు తగిలించిన రాయే ఊడితే ఆపేదేముంది?

కొండ మీద నిలువునా కనబడే నల్లచారల్ని అందరూ రాయి రంగనుకుంటారు. అవి వాన నీళ్లు కారే దారులు, వాటి మీద నాచు జాతి పెరిగి ఎండి నల్లబడింది. మాఘమాసంలో వాటి మీద బూటు బాగానే నిలుస్తుంది. తడి తగిలితే బావిగట్టు మీద పాకుడే. చారకు రెండు పక్కలా రాయి తెల్లగా ఆరిపోయినా చార మాత్రం రోజంతా తడిగా ఉండొచ్చు. దాన్ని దాటి పోవాల్సిన దారైతే, దాటే చోటు ఆరిందో లేదో కింద నుంచే చూసుకోవాలి. మధ్యలో వేలాడుతూ తెలుసుకోవడం దండగ.

పొరల వాలు గురించి కూడా చెప్పాలి. మన కొండల్లో పొరలు ఎక్కువగా ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి. అవి లోపలికి వాలాయా, బయటికి వాలాయా అన్నది కొండకొండకూ మారుతుంది. పొరలు కొండ లోపలికి వాలి ఉంటే పట్టులు మెట్లలా పైకి చూస్తుంటాయి, వదులు పెచ్చు ఉన్నా అక్కడే కూర్చుంటుంది. పెంకుటింటి కప్పులా పొరలు మీ వైపు వాలి ఉంటే కింద ఉన్న పొర మీద సుద్ద తడిసి సబ్బవుతుంది, పై పొర జారుతుంది. ఒకే కొండకు ఒక పక్క క్షేమం, ఎదురు పక్క ప్రమాదం ఎందుకవుతుందో ఇందులోనే ఉంది. పక్కకు పది అడుగులు నడిచి కొండను అంచు వైపు నుంచి చూస్తే వాలు కనబడిపోతుంది. ఆ పది అడుగులు నడిచేవాళ్లే తక్కువ.

వాన లేని రోజున కూడా రాయి తడుస్తుందంటే చాలామంది నమ్మరు. పుష్యమాసంలో తెల్లవారుజామున ఆకాశం వైపు తెరుచుకున్న బండ రాత్రంతా వేడి వదిలేసి గాలి కంటే చల్లగా అయిపోతుంది. తెల్లారాక సముద్రం వైపు నుంచి తేమగాలి వచ్చి తగలగానే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టు చెమట పడుతుంది. దీన్ని ముందే లెక్కకట్టొచ్చు. గాలిలో తేమ శాతాన్ని నూటిలోంచి తీసేసి, మిగిలినదాన్ని అయిదుతో భాగించి, వచ్చినదాన్ని గాలి ఉష్ణోగ్రతలోంచి తీసెయ్యండి. 24 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే, 20 బై 5 నాలుగు, అంటే సుమారు 20 డిగ్రీలు. రాయి అంతకంటే చల్లగా ఉంటే దాని మీద మంచు పట్టి తీరుతుంది. తేమ 50 శాతం దాటినప్పుడే ఈ లెక్క సరిగ్గా వస్తుంది, మన తీరంలో ఆ బెంగ ఎటూ లేదు. రాయి వేడి చూడటానికి తుపాకీలాంటి థర్మామీటర్ కొనొచ్చు. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన రకం పనికిరాదు, అది మనిషి జ్వరం వరకే చూస్తుంది. మోటార్ మెకానిక్కులు వాడే రకం కావాలి. అదీ లేకపోతే తొమ్మిదిన్నర దాకా ఆగండి, లేదా రాతిచూరు కింద మొదలుపెట్టండి. చూరు కింది రాయికి ఆకాశం కనబడదు కాబట్టి మంచు పట్టదు.

ఏ కార్తెలో ఎక్కాలి అంటే, విశాఖ కార్తె సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. నవంబరు మధ్య నుంచి రాత్రిపూట నేలగాలి పొడిగా వీస్తుంది, చేతులకు చెమట తక్కువ, రబ్బరు బాగా పట్టుకుంటుంది. దానికి ముందు హస్త, చిత్త కార్తెల చుట్టూ తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్, అన్నీ ఆ రోజుల్లోనే మన తీరాన్ని తాకాయి. దసరా సెలవులని పిల్లల్ని కొండకు తీసుకెళ్లే బడుల వాళ్లు ఈ తేదీలు గోడ మీద రాసుకోవాలి.

మార్చి నుంచి ఎండ. పడమటి వైపు గోడకు పొద్దున నీడ, తూర్పు గోడకు మధ్యాహ్నం తర్వాత నీడ. మే నెలలో ఎక్కాలనే పట్టుదల ఉంటే తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి ఎనిమిదికి దిగిపోవాలి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు తక్కువ కాకూడదు. రాయి మీద అరచెయ్యి ఆన్చి పది అంకెలు లెక్కపెట్టలేకపోతున్నారంటే బూటు రబ్బరు కూడా అప్పటికే మెత్తబడి అంచుల మీద దొర్లుతుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. పగలంతా కాలిన పైపొర ఉబ్బుతుంది, లోపలిది ఉబ్బదు, మధ్యలో నెర్రె పడుతుంది. అలా కాలిన రాయి మీద సాయంత్రం హఠాత్తుగా గాలివాన పడితే పెచ్చులు లేస్తాయి. మొదటి తొలకరి తర్వాత కొండ కింద కొత్తగా రాలిన ముక్కలు ఎక్కడ పడ్డాయో చూస్తే, ఏ గోడకు దూరంగా ఉండాలో అదే చెబుతుంది. విరిగినచోట రంగు తేటగా, నాచు లేకుండా ఉంటే అది కొత్త ముక్క.

ఆ సాయంత్రపు గాలివానలతో పిడుగులూ వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు దాటాక వాయవ్యం వైపు, ఒడిశా కొండల మీద, గోపురంలా మబ్బు లేస్తుందేమో చూస్తూ ఉండాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లను మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ముప్ఫై సెకన్ల లోపు ఉరుము వస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది, వెంటనే దిగాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. తడిసిన తాడు కరెంటును పట్టుకొస్తుంది. వాన తగలకుండా చూరు కిందో చిన్న గుహ మూతిలోనో నిలబడటం అన్నిటికంటే తప్పు. కొండ మీద పడిన పిడుగు రాతి వెంట పాకి వచ్చి, చూరు అంచు నుంచి కిందికి మనిషి మీదుగా దూకుతుంది. ఒంటరి తాటిచెట్టు కింద నిలబడొద్దని వేరే చెప్పాలా? పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన ‘దామిని’ యాప్ 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల్ని చూపిస్తుంది. సిగ్నల్ ఉంటేనే సుమా.

తాడు కట్టే ఆధారాల దగ్గర వాతావరణం చేసే పని కంటికి కనబడదు. గుండును చుట్టి తాడు వేస్తారు. మన గుండ్లు చాలావరకు పుచ్చిన మట్టి మీద కూర్చున్నవే, వానలకు అడుగున మట్టి కోసుకుపోతుంది. గుండు మొదట్లో కొత్త మట్టిచార గానీ, గుండుకూ నేలకూ మధ్య వేలు దూరే సందు గానీ ఉంటే దాన్ని వదిలెయ్యాలి. చెట్టైతే పచ్చిగా ఉండాలి, తొడంత లావుండాలి, మొదట్లోనే కట్టాలి. రాతి నెర్రెలో మొలిచిన రావి, మర్రి గట్టిగా కనిపిస్తాయి కానీ వాటి వేళ్లే ఆ రాయిని విడదీస్తున్నాయి. తుపాను తర్వాత అసలు చెట్లను నమ్మొద్దు. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో చూశాం. పడనివి కూడా వేళ్లు కదిలి నిలబడి ఉండొచ్చు. అలాంటి ఏడాది పై నుంచి దిగుతూ ఒకసారి చూసుకున్నాకే కింది నుంచి ఎక్కాలి. హెల్మెట్ ఎక్కేవాడి కంటే కింద తాడు పట్టుకున్నవాడికి ఎక్కువ అవసరం.

తాడు తగిలించడానికి రాతిలో బోల్టులు వేస్తామని ఉత్సాహపడేవాళ్లకు రెండు మాటలు. ఎక్స్‌పాన్షన్ బోల్ట్ రాయిని పక్కలకు తోసి పట్టుకుంటుంది. సుద్దెక్కిన రాయి ఆ తోపుకు నలిగిపోతుంది. అక్కడ జిగురుతో అతికే బోల్టు, అదీ 100 మిల్లీమీటర్లకు తగ్గకుండా, పొడిగా ఉన్న రంధ్రంలో వెయ్యాలి. వానాకాలంలో ఆ పని పెట్టుకోవద్దు. సముద్రానికి దగ్గరగా మామూలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఉప్పుగాలికి లోపల్లోపల పగులుతుంది, పైకి తుప్పు కూడా పెద్దగా కనబడకపోవచ్చు. రామతీర్థం, శాలిహుండం లాంటి చోట్ల బౌద్ధ శిథిలాలున్న పురావస్తు రక్షిత స్థలాల్లో మేకు కూడా కొట్టకూడదు. పాత క్వారీ గోడలు చూడటానికి నిటారుగా, శుభ్రంగా ఉంటాయి. పేలుడు దెబ్బకు పగుళ్లు తూటా రంధ్రం చుట్టూ అడుగుల కొద్దీ లోపలికి పాకి ఉంటాయి, వాన నీళ్లు వాటిలోకే దూరతాయి. వానలో పొడిగా ఉండే చూరులే కొండ తేనెటీగలకూ ఇష్టం. పట్టు కనిపిస్తే ఆ గోడను ఆ ఏటికి వాటికే వదిలెయ్యాలి.

నైలాన్ తాడు తడిస్తే బరువెక్కడమే కాదు, పడినప్పుడు ఆపే శక్తి బాగా తగ్గుతుంది. ‘డ్రై’ అని రాసి అమ్మే తాళ్లలో అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య పరీక్ష నెగ్గినవి తమ బరువులో 5 శాతం కంటే ఎక్కువ నీరు పీల్చవు. మిగతావి పేరుకే. తడిసిన తాడును ఎండలో కాకుండా నీడన, వదులుగా పరిచి ఆరబెట్టాలి.

మీకు ఒక మనవి. రోజూ మూడో పేజీలో మీరు వేసే వాతావరణం పెట్టెలో గరిష్ఠం, కనిష్ఠం, ‘తేలికపాటి జల్లులు’ అని మూడు ముక్కలుంటాయి. దానికి బదులు మండలాల వారీగా గడిచిన మూడు రోజుల వర్షపాతం మిల్లీమీటర్లలో వెయ్యండి. ఆ అంకె ఉదయం 8.30తో ముగిసిన 24 గంటలదని పక్కన రాయండి. అది లేక, ఇవాళ్టి పేపర్లో చూసిన వానను ఇవాళ పడిందనుకునేవాళ్లున్నారు. ఉదయపు తేమ శాతం కూడా కలిపితే పైన చెప్పిన భాగహారం ఎవరైనా టీ కొట్టు దగ్గరే చేసుకోగలరు. కళ్లాల్లో ధాన్యం ఆరబోసే రైతుకూ, ఉప్పు పట్టించిన చేప ఎండబెట్టే మత్స్యకారుడికీ అవే అంకెలు కావాలి. కొండెక్కే నలుగురి కోసం అడుగుతున్నామని అనుకోవద్దు.

ఇట్లు,
కొండరాళ్లెక్కే కొందరు పాఠకులు,
విజయనగరం